బలిపీఠం మీద ఎవరు, మెట్ల దిగువన ఎవరు?

కతోలిక దేవాలయంలోకి అడుగుపెట్టిన భక్తుడి చూపు మొదట బలిపీఠం మీద నిలుస్తుంది, ఆ తరువాత గోడల వెంట గూళ్ళలో ఉన్న స్వరూపాల మీదికి మళ్ళుతుంది. స్వరూపం అంటే తెలుగు కతోలికుల వాడుకలో క్రీస్తు విగ్రహం, మరియమాత విగ్రహం, లేదా పునీతుల విగ్రహం. పునీతులంటే పవిత్రంగా జీవించి కన్నుమూసిన తరువాత కతోలిక క్రైస్తవ సంఘమైన శ్రీసభ పూజ్యులుగా ప్రకటించిన స్త్రీపురుషులు. స్వరూపానికి చేసే వందనం ఆ రాతికో రంగుకో చెందదనీ, అది ఎవరిని చూపుతుందో వారికే చేరుతుందనీ 1563 డిసెంబరులో ట్రెంట్ మహాసభ తీర్మానించింది. ప్రొటెస్టెంట్లు విగ్రహాలను తీసివేస్తున్న కాలంలో వాటిని నిలుపుకోవడానికి చేసిన తీర్మానం అది. అయితే పరలోకాన్ని చూపించే ప్రతి చిత్రమూ, ప్రతి విగ్రహమూ వాటిని చేయించినవారి లోకాన్ని కూడా వెంటబెట్టుకుని వస్తాయి. ఎవరిని పెద్దగా గీశారు, ఎవరిని చిన్నగా గీశారు, పట్టు ఎవరికి కట్టారు, మాసిన గుడ్డ ఎవరికి కట్టారు, ఎవరి ముఖాన్ని దైవముఖంగా ఎంచుకున్నారు అన్నది చూస్తే ఆ సమాజపు మెట్లన్నీ కనబడతాయి.

వికారాబాద్, తాండూరు ప్రాంతంలో క్రైస్తవం అనగానే ముందుగా మెథడిస్టు మిషన్ గుర్తుకు వస్తుంది. ప్రొటెస్టెంట్ శాఖల్లో ఒకటైన మెథడిస్టుల ప్రార్థనా మందిరంలో సాధారణంగా సిలువ ఉంటుంది కాని విగ్రహాలుండవు. పొరుగునే 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయం కూడా ప్రొటెస్టెంట్లదే; అక్కడ క్రీస్తు కథను చెప్పేవి రంగుటద్దాల కిటికీలు, వాటిని రూపొందించిన ఫ్రాంక్ శాలిస్‌బరీ ఇంగ్లండు రాజకుటుంబీకుల చిత్తరువులు వేసి పేరు పొందిన చిత్రకారుడు. ఈ ప్రాంతపు కతోలికులు హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వస్తారు. అగ్రపీఠం అంటే ఆర్చిబిషప్ పాలనలో ఉండే పెద్ద పీఠం. ఊళ్ళో ఒకే వీధిలో విగ్రహం లేని మందిరమూ, విగ్రహాలున్న దేవాలయమూ, ఏటా భావిగి భద్రేశ్వరస్వామి రథం కదిలే తాండూరు బజారూ తెలిసినవారికి, భక్తికీ రూపానికీ హోదాకూ మధ్య ఉన్న ముడి విడమరచి చెప్పనక్కరలేనంత దగ్గరి విషయం.

ఐరోపాలో ఈ ముడి మొదట బయటపడింది దాతల బొమ్మల్లో. దేవాలయానికి చిత్రం చేయించి ఇచ్చిన ధనికుడు తన రూపాన్ని కూడా అందులో ఒక మూల మోకరించినట్లు వేయించుకోవడం మధ్యయుగాల ఆనవాయితీ. తొలినాళ్ళలో ఆ దాత మరియమాత పాదాల దగ్గర చీమంత కనిపించేవాడు, అతడి భుజం మీద చెయ్యి వేసి అమ్మకు పరిచయం చేసే పునీతుడు ఒకరు వెనుక నిలబడేవాడు. 1435 ప్రాంతంలో యాన్ వాన్ ఐక్ వేసిన చిత్రంలో బర్గండీ రాజ్యపు ఛాన్సలర్ నికోలా రోలాఁ మాత్రం మరియమాతకు ఎదురుగా, ఆమెతో సమానమైన పరిమాణంలో, బంగారు జరీ పని చేసిన అంగీతో, ఏ పునీతుడి సిఫారసూ లేకుండా మోకరించి ఉంటాడు. సామాన్య పట్టణ కుటుంబంలో పుట్టి రాజ్యంలో రెండో స్థానానికి ఎదిగిన మనిషి, ఆ ఎదుగుదలను పరలోకం దాకా పొడిగించుకున్న తీరు అందులో కనిపిస్తుంది. నలభై ఏళ్ళ తరువాత ఫ్లోరెన్సులో గాస్పారె దెల్ లామా అనే డబ్బు మారకపు వ్యాపారి, బోత్తిచెల్లి చేత జ్ఞానుల ఆరాధన చిత్రం వేయించాడు. బాలయేసు పాదాల దగ్గర మోకరించిన ముసలి జ్ఞానికి ఆ నగరాన్ని ఏలిన మెదిచీ కుటుంబ పెద్ద కోసిమో ముఖం పెట్టించి, జనసమూహంలో తనకూ ఒక చోటు ఉంచుకున్నాడు. దెల్ లామా మెదిచీల కంటే ఎన్నో మెట్లు కింది మనిషి; దేవుడికి దగ్గర కావాలన్న కోరికా, దొరలకు దగ్గర కావాలన్న కోరికా ఒకే పలక మీద ఇంత స్పష్టంగా కలిసిన చిత్రాలు తక్కువ. అతడి భక్తి బూటకమని చెప్పడం మాత్రం అన్యాయం. తన మరణానంతరం తనకోసం జరగవలసిన ప్రార్థనల కోసం కట్టించుకున్న పీఠం కోసమే అతడు ఆ చిత్రం చేయించాడు.

పునీతుల వేషాలకు కూడా ఇదే గతి పట్టింది. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన పునీత జెరోము ఎడారిలో తపస్సు చేసిన సన్యాసి. ఆయన బతికిన నాల్గవ, ఐదవ శతాబ్దాలలో, పాపుగారి తరువాతి పెద్ద పదవిలో ఉండే కార్డినల్ ధరించే ఎర్రటోపీ అన్నదే లేదు. అయినా తరువాతి చిత్రకారులు ఆయన పక్కన సింహంతో పాటు ఎర్రటోపీని కూడా వేస్తూ వచ్చారు, ఎందుకంటే వారి కాలపు భక్తులకు గొప్ప విద్వాంసుడన్నవాడు పెద్ద పదవి లేకుండా ఊహకు అందలేదు.

ఈ వరుసను నేలకు దించినవాడు చిత్రకారుడు కరవాజ్జో. రోము నగరంలోని సంత్ అగోస్తీనో దేవాలయంలో, ఎడమవైపున ఉన్న ఒక చిన్న పీఠం మీద, 1604 తరువాతి రెండేళ్ళలో అతడు వేసిన లొరేతో మాత చిత్రం ఈనాటికీ అదే చోట ఉంది. ఒక పాత ఇంటి గుమ్మంలో, పెచ్చులూడిన గోడకు ఆనుకుని, బరువైన బిడ్డను చంకనెత్తుకుని మరియమాత నిలబడి ఉంటుంది. ఆమెకు చెప్పులు లేవు. గుమ్మం ముందు ఇద్దరు యాత్రికులు, ఒక పురుషుడూ ఒక ముసలామే, కర్రలు పట్టుకుని మోకరించి ఉంటారు. ముసలామె తలకు కట్టుకున్న గుడ్డ మాసి, చిరిగి ఉంటుంది. పురుషుడి రెండు అరికాళ్ళూ చూసేవాడి వైపు తిరిగి ఉంటాయి, ఎన్నో మైళ్ళు నడిచిన మట్టి వాటి మీద గడ్డకట్టి ఉంటుంది, ఆ కాళ్ళు చిత్రంలో మరియమాత ముఖం కంటే చూపరికి దగ్గరగా ఉంటాయి. బలిపూజ చేసే గురువు తల ఎత్తితే ముందు ఎదురయ్యేది ఆ మట్టి కాళ్ళే. ఈ చిత్రాన్ని చూసి జనం పెద్ద గగ్గోలు పెట్టారని అతడి సమకాలికుడూ ప్రత్యర్థీ అయిన బగ్లియోనె రాసిపెట్టాడు. అది మెచ్చుకోలా, ఏవగింపా అన్నది నేటికీ పండితుల మధ్య తేలని చర్చ. అతడి మరో చిత్రం విషయంలో అలాంటి సందేహం లేదు. మరియమాత మరణాన్ని ఉబ్బిన దేహంతో, బయటికి వచ్చిన వట్టి పాదాలతో, పేదింటి చావులా అతడు వేసినప్పుడు, ఎవరి దేవాలయం కోసం వేశాడో ఆ కార్మెల్ సభ సన్యాసులు దాన్ని తీసుకోబోమన్నారు. చిత్రకారుడు రూబెన్స్ సలహాపై మాంటువా ప్రభువు కొనుక్కున్న ఆ చిత్రం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది.

పాదాల సంగతి తెలుగువారికి విడిగా చెప్పనక్కరలేదు. చిన్నవారు పెద్దవారి కాళ్ళకు దండం పెట్టడం, గుడిలో దేవుడి వైపు కాళ్ళు చాపకూడదని పిల్లలకు నేర్పడం, ఒకప్పుడు దొరల గడీ ముందు చెప్పులు విప్పి చేతబట్టుకుని నడవవలసి రావడం, ఇవన్నీ అంతస్తును పాదాల ద్వారా చెప్పిన పద్ధతులే. ఆ లెక్కలో చూస్తే, తక్కువవాడి మట్టి కాళ్ళను పీఠం మీదికి ఎక్కించడం ఎంతటి తెగువో తెలంగాణ పల్లెలో పెరిగినవారికి రోము వారికంటే ముందే అర్థమవుతుంది.

తెలుగునాట విరివిగా నకళ్ళు వెలసిన కతోలిక విగ్రహాల్లో ఒకటి లూర్దుమాతది. దాని పుట్టుకలోనే భక్తికీ హోదాకూ మధ్య పెనుగులాట ఉంది. 1858 ఫిబ్రవరి 11 నుంచి జూలై 16 వరకు ఫ్రాన్సు దక్షిణాన లూర్దు ఊరి గుహ దగ్గర పద్దెనిమిది సార్లు తనకు ఒక దివ్యమూర్తి కనిపించిందని చెప్పిన బెర్నదెత్ సుబీరూ పద్నాలుగేళ్ళ పిల్ల. తండ్రి పిండిమర పోగొట్టుకున్నాడు. కుటుంబమంతా ఒకప్పటి జైలుగదిలో తలదాచుకునేది. ఆ అమ్మాయికి చదువు రాదు, బడి భాష అయిన ఫ్రెంచి సరిగా రాదు. తనకు కనిపించిన మూర్తి తన ఊరి యాసలోనే మాట్లాడిందనీ, తనను మీరు అని గౌరవంగా పిలిచిందనీ ఆమె చెప్పింది. అధికారులూ పోలీసులూ కసురుకున్న పిల్లకు ఆ మర్యాద జీవితాంతం గుర్తుండిపోయింది. ఆ మూర్తి తనంత ఎత్తే ఉన్న చిన్న అమ్మాయి అని కూడా ఆమె పట్టుదలగా చెప్పింది.

గుహలో విగ్రహం పెట్టవలసి వచ్చినప్పుడు ఖర్చు భరించడానికి లియోన్ ప్రాంతపు సంపన్న కుటుంబంలోని సోదరీమణులు ముందుకు వచ్చారు, లియోన్ కళాశాల ఆచార్యుడైన శిల్పి జోసెఫ్ ఫాబిష్‌కు పని అప్పగించారు. ఆయన బెర్నదెత్‌ను కలిసి వివరాలు అడిగాడు, తరువాత ఇటలీ కరారా పాలరాతిలో, ఆరడుగులకు పైగా ఎత్తున, పైకి చూస్తున్న ముఖంతో ఒక కులీన స్త్రీని చెక్కాడు. 1864 ఏప్రిల్ 4న విగ్రహాన్ని ఆశీర్వదించి ప్రతిష్ఠించారు. బెర్నదెత్ దాన్ని చూసి, తాను చూసింది ఇది కాదని నిర్మొహమాటంగా చెప్పింది. చివరికి ఎవరి మాట చెల్లింది అన్న ప్రశ్నకు జవాబు గుహలోనే ఉంది: పేదపిల్ల చూపు ప్రపంచానికి తెలిసింది, రూపం మాత్రం దాత, శిల్పి ఎరిగిన తరగతిది. 1933లో శ్రీసభ బెర్నదెత్‌ను పునీతురాలిగా ప్రకటించింది. విగ్రహం మాత్రం మారలేదు.

ఆ లియోన్ ముఖమే అచ్చుల ద్వారా, సున్నపుముద్ద విగ్రహాల ద్వారా, తరువాత ఫైబరు విగ్రహాల ద్వారా తెలుగుదేశమంతా వ్యాపించింది. విజయవాడ గుణదల కొండ మీద ఇటలీ గురువు ఫాదర్ ఆర్లాటి 1924లో ప్రతిష్ఠించిన మరియమాత స్వరూపం వాటిలో ప్రసిద్ధమైనది; ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవానికి జనం లక్షల్లో వస్తారు, తెలంగాణ నుంచి కూడా వెళతారు. నీలి నడికట్టు కట్టిన తెల్లని అంగీతో, తెల్లని ముఖంతో నిలిచిన ఆ అమ్మ దగ్గర భక్తులు కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, పిల్లల పుట్టువెంట్రుకలు తీయిస్తారు. వచ్చేవారిలో హిందువులూ చాలామంది ఉంటారు. శిల్పంలో జరగని మార్పును భక్తులు తమ ఆచారంతో తెచ్చారు. ముఖాన్ని మార్చే అధికారం తమ చేతిలో లేనప్పుడు, ఆ ముఖం ముందు తాము ఎలా నిలబడాలో మాత్రం వారే నిర్ణయించుకున్నారు. ఈ పని గురించి కళాచరిత్ర పుస్తకాలు చాలా తక్కువగా రాశాయి, కాని తెలుగు కతోలిక కళలో అసలు సృష్టి ఏదైనా ఉందంటే ముందుగా చెప్పుకోవలసింది ఇదే.

భారతదేశంలో బొమ్మ చేసే చేతుల విషయంలోనూ గీత గీశారు. గోవాలో 1567లో జరిగిన మొదటి ప్రాంతీయ మహాసభ, క్రైస్తవులు కాని పనివారి చేత పవిత్ర చిత్రాలు చేయించకూడదని శాసించింది. ఆ కాలంలో దంతం చెక్కడంలో, చెక్కపనిలో ఆరితేరిన చేతులు ఎక్కువగా హిందూ కళాకారులవే. పదిహేడవ శతాబ్దంలో గోవా దంతశిల్పులు చెక్కిన మంచి కాపరి బొమ్మల్లో బాలయేసు గుట్ట మీద కూర్చుని, చెంపకు చెయ్యి ఆన్చి, కళ్ళు మూసుకుని ఉంటాడు. బౌద్ధ ధ్యానమూర్తుల నీడ ఆ ముఖంలో ఉందని పండితులు అంటారు. నిషేధం కాగితం మీద ఉన్నా, ఉలి తన దారి తాను వెతుక్కుంది.

కట్టడాల్లో కులం మరింత కఠినంగా కనిపించింది. తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతపు వడక్కన్‌కుళంలో 1872లో కట్టిన దేవాలయానికి ఒకే పీఠం దగ్గర కలిసే రెండు విడి మండపాలున్నాయి. ఒకటి వెళ్ళాలర్లకు, రెండవది నాడార్లకు. పీఠం ముందు నిలిచిన గురువు రెండు వైపులనూ చూడగలిగేవాడు, కాని మధ్యలో ఉన్న అడ్డుగోడ వల్ల ఒక వైపు భక్తులు రెండో వైపు వారిని చూడలేకపోయేవారు. 1910లో ఆ అడ్డుగోడను కూల్చారు. మిషనరీలు కులాన్ని ఒక సామాజిక మర్యాదగా భావించి మొదట సర్దుకుపోయారు. తెలుగు నేల మీద కూడా పద్దెనిమిదవ శతాబ్దం తొలినాళ్ళలో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి యేసుసభ గురువులు కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల వేషంలోనే అనంతపురం, కడప ప్రాంతపు రెడ్డి కుటుంబాలకు జ్ఞానస్నానం ఇచ్చారు. ఆ కుటుంబాల వారసులు తరువాత గుంటూరు సీమకు వలస వెళ్ళారు. పంతొమ్మిదవ శతాబ్దపు రెండవ సగం నుంచి మాల, మాదిగ వాడలు పెద్ద సంఖ్యలో క్రైస్తవంలోకి రావడంతో శ్రీసభలో మెజారిటీ మారింది, కాని పీఠాల దగ్గరా పెత్తనాలలోనూ పాత వరుస చాలాకాలం కొనసాగింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులను షెడ్యూల్డు కులాల జాబితా బయట ఉంచింది. తెలంగాణలో వారు వెనుకబడిన తరగతుల సి గ్రూపులో ఒక్క శాతం రిజర్వేషనుతో సరిపెట్టుకుంటున్నారు. గుడిలో కులం పోలేదు, ప్రభుత్వ దస్త్రంలో మాత్రం పోయింది. ఈ రెండు దెబ్బలూ ఒకే మనిషి మీద పడ్డాయి.

ఈ నేపథ్యంలోనే భారతీయీకరణ చర్చను చూడాలి. భారతీయీకరణ అంటే పూజావిధానాన్నీ కళనూ ఈ దేశపు రూపాలలోకి తేవడం. గోవా చిత్రకారుడు ఏంజెలో ద ఫోన్సెకా శాంతినికేతన్‌లో చదివి, మరియమాతకు చీర కట్టి, గోధుమ రంగు చాయ ఇచ్చినప్పుడు సొంత గోవాలోనే నిరసన ఎదుర్కొని పుణేలో స్థిరపడ్డాడు. 1967లో ఆయన చనిపోయేనాటికి గాలి మారుతూ వచ్చింది. 1969లో రోము పన్నెండు మార్పులకు అనుమతి ఇచ్చింది: నేల మీద కూర్చోవడం, చేతులు జోడించడం, అంగవస్త్రం, నూనె దీపాలు, హారతి వంటివి. పద్మాసనంలో క్రీస్తు, తామరపువ్వులో మరియమాత, సంస్కృత శ్లోకాలు ఆ తరువాత చాలా చోట్ల కనిపించాయి. ఈ మార్పు వెనుక ఉన్న ప్రేమను తక్కువ చేయకూడదు. పరాయి మతమన్న నిందకు అది నిజాయితీగా వెతుక్కున్న జవాబు. అయితే 1980ల నుంచి దళిత దైవశాస్త్రవేత్తలు వేసిన ప్రశ్నకు మాత్రం దాని దగ్గర జవాబు లేదు. ఏ గుడి గడప తమ పూర్వులను తొక్కనివ్వలేదో ఆ గుడి చిహ్నాలనే భారతీయమని పీఠం మీద పెడితే, డప్పు, చాట, రోలు, పలుగు, పార ఏ దేశానివని వారు అడిగారు. ఐరోపా అంతస్తు పోయి ఆ స్థానంలో అగ్రవర్ణ అంతస్తు వచ్చిందన్నది వారి వాదన, ఆ వాదన న్యాయమైనది.

దీనికి కళలో దొరికిన సమాధానాల్లో ఒకటి బెంగళూరు సమీపంలో నివసిస్తూ పనిచేసిన కతోలిక చిత్రకారుడు జ్యోతి సాహీ వేసిన దళిత మడోన్నా. మడోన్నా అంటే బిడ్డను ఎత్తుకున్న మరియమాత రూపం. ఆ తల్లీబిడ్డల ఆకృతిని ఆయన ఇంట్లో వాడే రుబ్బురోలు నుంచి తీసుకున్నాడు: కదలకుండా ఉండే గుంత రాయి తల్లి, ఆ గుంతలో తిరిగే చిన్న రాయి బిడ్డ. తెలుగు ఇళ్ళలో రోలూ పొత్రమూ ఎరిగిన ఏ స్త్రీకైనా ఆ చిత్రాన్ని చదవడానికి ఏ శాస్త్రమూ అక్కరలేదు. ఆ చిత్రం ఇప్పుడు బ్రిటన్ మెథడిస్టుల ఆధునిక కళాసంగ్రహంలో ఉంది. విగ్రహాలు పెట్టుకోని సంప్రదాయం ఈ అమ్మను దాచుకున్నది.

2000లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయిన మారంపూడి జోజి, ఆ స్థాయికి చేరిన తొలి దళితుడు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య, శ్రీసభలోనూ దళితులపై వివక్ష ఉందని ఒప్పుకుంటూ దళిత సాధికారతా విధానాన్ని వెలువరించింది. కర్నూలు జిల్లాలో పుట్టిన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని, 2022 ఆగస్టు 27న రోములో ఫ్రాన్సిస్ పాపుగారి చేతుల మీదుగా ఎర్రటోపీ అందుకుని తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ అయ్యారు. జెరోముకు చిత్రకారులు ఊహించి పెట్టిన ఆ టోపీని, రెండు తరాల కిందట ఎవరూ ఊహించని మనిషి తల మీద లోకం చూసింది. దేవాలయాల గోడల మీద మాత్రం ఈ మార్పు ఇంకా రావలసే ఉంది. విగ్రహాల దుకాణంలో దొరికే ముఖం ఇప్పటికీ 1864 నాటిదే. దాతల బొమ్మల ఆనవాయితీ కూడా పోలేదు, రూపం మార్చుకుంది: స్వరూపం కింద, బెంచీ వెనుక, గడప పక్క పాలరాయి పలక మీద ఇచ్చినవారి పేర్లు ఇచ్చిన మొత్తం వరుసలో చెక్కి ఉంటాయి. తాండూరు గనుల్లో నాపరాయి తీసి, పాలిష్ పట్టి, దేవాలయాలకూ బడులకూ ఇళ్ళకూ నేల పరిచిన పనివారి పేర్లు అలాంటి పలకల మీద కనిపించడం అరుదు.

అలాంటి పనివారిని పీఠం ముందుకు తేవడానికి శ్రీసభ పూజావిధానంలో తోవ ఉంది, పైగా అది ఏటా వచ్చే తోవ. పవిత్ర గురువారం నాడు, క్రీస్తు శిష్యుల పాదాలు కడిగిన సంఘటనకు గుర్తుగా, గురువు మేల్వస్త్రం తీసి, నడుముకు తువాలు చుట్టుకుని, మోకరించి విచారణ ప్రజల్లో కొందరి పాదాలు కడుగుతాడు. విచారణ అంటే ఒక గురువు బాధ్యతలో ఉండే భక్తసంఘం. పన్నెండు మంది పురుషులనే ఎంచుకోవడం పాత పద్ధతి. 2013లో ఫ్రాన్సిస్ పాపుగారు రోములోని బాలనేరస్థుల కారాగారంలో ఇద్దరు స్త్రీలతో సహా ఖైదీల పాదాలు కడిగారు, 2016 జనవరిలో నియమాన్నే సవరించి స్త్రీపురుషులు, పిన్నలు పెద్దలు, ఆరోగ్యవంతులు రోగులు ఎవరినైనా కూర్చోబెట్టవచ్చని ఉత్తర్వు వెలువరింపజేశారు. పీఠం ముందు వేసిన ఆ కుర్చీల వరుస ఆ ఒక్క సాయంత్రం దేవాలయంలోని చిత్రాలన్నిటికంటే ఎక్కువమంది చూసే చిత్రం. అందులో విచారణ పెద్దలు, దాతలు కూర్చోవాలా, గని నుంచి వచ్చిన కూలీ, కంది చేనులో నాగటి వెనుక నడిచినవాడు, ఆసుపత్రి వరండా ఊడ్చే ఆమె కూర్చోవాలా అన్నది ఏటా ఆ విచారణే తేల్చుకోవలసిన నిర్ణయం.